తాళం పడని డిస్క్

“మళ్ళీ అదే పాట, నాన్నా. ‘ఈ డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ ప్రారంభించడం సాధ్యం కాదు’ అంటోంది,” అంది కూతురు, లాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండానే.

“సాధ్యం కాదన్నది తీర్పు. కారణం చెప్పమను,” అన్నారు మాస్టారు.

కిటికీ పక్కన కాళ్ళు బారచాపుకుని కూర్చున్న బావమరిది పకపకా నవ్వాడు. “అక్కయ్య ఉన్నప్పుడు కూర మాడినా ఇలాగే కారణం అడిగేవాడివి, బావా. పాపం, జవాబు చెప్పలేక గిన్నె మార్చేసేది.”

ఉద్యోగం చేసినన్నాళ్ళూ రసాయనశాస్త్రం బోధించిన మాస్టారికి దయ్యాల మీద ఎంత నమ్మకమో, ‘ఎందుకో పనిచెయ్యట్లేదు’ అన్న మాట మీదా అంతే నమ్మకం. అయితే ఇవాళ ఆయనకు హాస్యం తలకెక్కడం లేదు. ఆ లాప్‌టాప్‌లో కొందరు కార్మికుల గొంతులున్నాయి. రంగుల ఫ్యాక్టరీలోని విషపు నీటిని కాలువలోకి వదలమని తమకు చెప్పిందెవరో, తమ పేర్లతో సహా వాళ్ళు ఆయనకు చెప్పుకున్నారు. విచారణాధికారి తప్ప మరెవరూ వినరని ఆయన మాటిచ్చి రికార్డు చేశారు. విచారణ రేపే. ఇంతకుముందు బాహాటంగా నోరు విప్పిన ఫిట్టరొకడు కిందటి నెల లారీ కింద పడ్డాడు. ఒక్క సంఘటనతో ఒక నిర్ధారణకు రాకూడదని మాస్టారికి తెలుసు; తెలిసినా, ఆనాటి నుంచీ కంటికి కునుకు సరిగా పట్టడం లేదు.

అందుకే ఈ ఎన్‌క్రిప్షన్. అది పడితే, దారిలో ఎవరైనా లాప్‌టాప్ లాక్కుపోయినా తాళంచెవి లేనివాడికి లోపలిదంతా అర్థంలేని గజిబిజే.

“భద్రతా చిప్ బాగానే ఉంది. తేదీ సరిగ్గానే ఉంది. అప్‌డేట్లన్నీ అయ్యాయి,” అంది కూతురు.

“అయితే ఆ మూడు అనుమానాలూ కొట్టెయ్యి. తరువాతిది చూడు.”

“అసలు రేపు వెళ్ళి తీరాలా, బావా?” అన్నాడు బావమరిది. “జ్వరమని కబురు పెట్టు. థర్మామీటరు నోట్లో పెట్టింది నేనేనని సాక్ష్యం చెబుతాను.”

“నీ సాక్ష్యం ఆ థర్మామీటరే నమ్మదురా.”

“పోనీ, నీటి పరీక్షల ఫలితాలు ఇచ్చేసి రా. ఆ గొంతుల జోలికి పోకు.”

“నీళ్ళలో ఏముందో నేను చెప్పగలను. ఎవరు కలిపారో వాళ్ళే చెప్పాలి.”

“మామయ్యా, ఆయన మనసు మార్చడం నీవల్ల కాదు గానీ, కాస్త కాఫీ పెట్టి పుణ్యం కట్టుకో,” అంది కూతురు.

అతను కప్పులతో తిరిగి వచ్చేసరికి ఆమె బల్ల మీద చరిచింది. “దొరికింది! కంప్యూటరు మొరాయించినప్పుడు కోలుకోవడానికి డిస్క్‌లో ఒక చిన్న భాగం ఉండాలి. ఇందులో అది లేదు. అది లేనిదే తాళం వెయ్యనివ్వదు.”

“ఎందుకు లేదు?”

“ఒక డిస్క్‌లోదంతా మరో డిస్క్‌లోకి నకలు తీసేటప్పుడు ఆ ముక్క వదిలేస్తే ఇలాగే అవుతుంది.” ఆమె ఇంకేదో తెరిచి చూసి కనుబొమలు ముడిచింది. “డిస్క్ తానెంతసేపు పనిచేసిందో తనే గుర్తుంచుకుంటుంది, నాన్నా. నువ్వు దీన్ని ఆరేళ్ళుగా వాడుతున్నావు. ఇదేమో వారం రోజుల పసిబిడ్డ. ఇది నీ డిస్క్ కాదు.”

మాస్టారు కప్పు బల్ల మీద పెట్టేశారు. వారం కిందట ఫ్యాను చప్పుడు చేస్తోందంటే, దుమ్ము దులిపించి తెస్తానని లాప్‌టాప్ పట్టుకెళ్ళింది ఎవరో ఆయనకు చప్పున గుర్తొచ్చింది. మరుక్షణం ముఖం వికసించింది.

“ఓరి దొంగా! కొత్త డిస్క్ వేయించి నాతో మాటమాత్రమైనా అనలేదా? వారంగా ఇది లేడిపిల్లలా ఎందుకు పరిగెడుతోందా అనుకుంటున్నాను!”

“చూశావా, నువ్వేమో మామయ్యను ఊరికే ఆడిపోసుకుంటావు,” అని నవ్వింది కూతురు. కాసేపటికి ఆ లోపించిన భాగాన్ని తయారుచేసి, మళ్ళీ మీట నొక్కింది. ఈసారి తెర మారు మాట్లాడలేదు. ఒక పచ్చని గీత మెల్లగా ముందుకు కదలసాగింది.

“తాళం పడుతోంది, నాన్నా!”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎన్నాళ్ళకో గుండెల మీది బరువు దిగినట్లయింది. ఒక్కొక్కటిగా ఆ కార్మికులందరి ముఖాలూ కళ్ళముందు కదిలాయి. ఇక వాళ్ళకు భయం లేదు.

“ఒరేయ్, ఆ పాత డిస్క్ కూడా పట్టుకురా. గొంతులు దానిలోనూ ఉంటాయిగా, తుడిచిపారేద్దాం.”

బావమరిది ఖాళీ కప్పులు ఏరసాగాడు. ఎప్పుడూ ముందుగా వచ్చే నవ్వు ఈసారి రాలేదు.

“నిన్నేరా. ఎక్కడ పెట్టావు?”

“ఫ్యాక్టరీ వాళ్ళకిచ్చేశాను, బావా.”