ఎర్ర గుడ్డల దారి

“గా చీరనే చింపిన్రా అమ్మా? ఎర్రది, పచ్చంచుది? నాకిస్తనంటిరి గద!”

అంట్లు తోముతున్న చంద్రమ్మ, తీగ మీద మిగిలిన చీరముక్కను చూసి మూతి ముడిచింది. పద్మావతికి నవ్వొచ్చింది.

“మా ఆయన సైకిలు పిచ్చికి బలైపోయింది చంద్రమ్మా. ఆదివారాలు ఆఫీసు వాళ్లతో కొండల్లో తిరుగుతున్నారుగా. దారి తప్పకుండా తుమ్మకొమ్మలకి గుడ్డముక్కలు కట్టారు. మియాపూర్ నించి హైటెక్ సిటీ దాకా కంకర బాటేనట. ‘లారీ అన్నది కనపడదు పద్మా. ఆకాశం, రాళ్లు, మనం’ అంటారు.”

“ఐతారం ఎట్ల కనవడ్తది? క్వారీకి సెలవు గద.”

“ఇవాళ కూడా ఇందాక ఆ దారినే ఆఫీసుకు వెళ్లారు. బంద్ కదా, బస్సుల్లేవు. మెయిన్ రోడ్డు మీద టైర్లు తగలబెడుతున్నారట.”

చంద్రమ్మ చేతిలోంచి గిన్నె జారింది.

“ఇయ్యాలనా? లారీలు బందయినయి గని రాయి గొట్టుడు బంద్ కాలేదమ్మా! మా ఇంటాయన రాములు పొద్దుగాలనే క్వారీ పనికి పోయిండు. బువ్వ తినే ముంగట మందు పెట్టి పేలుస్తరు.”

“మరి మనుషులు అటు పోకుండా చూడరా?”

“ఎందుకు సూడరు? ఈల ఊదుతరు. బాట పక్క కొమ్మకు ఎర్ర గుడ్డ కడ్తరు. అది సూసినంక ఎవ్వడు దాటడు.”

ఎర్ర గుడ్డ.

ఎర్ర గుడ్డ కనపడితే పద్మావతి భర్త భీమేశ్వరరావు ఆగడు. దారి తప్పలేదని సంబరపడి ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు.

ఆఫీసుకు ఫోన్ చేసింది. “సార్ ఇంకా రాలేదండి” అంది అవతలి గొంతు. క్వారీలో ఫోన్ లేదు. బంద్ రోజున ఆటో దొరకదు. కొడుకు తేజ సైకిలు గోడకు ఆనించి ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, పెళ్లయ్యాక ఎన్నడూ ముట్టని సైకిలు ఎక్కింది.

“నేను గూడ ఉరికొస్తనమ్మా!” అంటూ చంద్రమ్మ వెంటపడింది. కాలనీ దాటేసరికే వెనకబడిపోయింది.

తారురోడ్డు అయిపోయి కంకర మొదలైంది. చక్రం కింద రాళ్లు చిట్లుతున్నాయి. రెండుసార్లు పడింది. మోకాలు చెక్కుకుపోయి లంగా అంటుకుంది. అయినా ఆగలేదు. కొమ్మ కొమ్మకూ తన చీరే. అడ్డంగా చింపిన చీర కాబట్టి ప్రతి ముక్క కొసనా పచ్చంచు ఉంది. అంచు ఉంటే ఆయన కట్టింది, లేకపోతే క్వారీది. అంచు లేని గుడ్డ కనపడితే అక్కడే ఆగాలి, గొంతు చించుకుని అరవాలి. ఒక్కో గుడ్డనూ కళ్లు చికిలించి చూస్తూ తొక్కింది. పచ్చంచు. పచ్చంచు. మళ్లీ పచ్చంచు.

గొర్రెల మందను వెనక్కి తోలుకొస్తున్న ముసలి ఐలయ్య ఎదురయ్యాడు.

“ఏందమ్మా గిట్ల ఉరుకుతున్నవ్? బంద్ల సినిమా ఆడుతున్నదా?”

“తాతా, సైకిలు మీద ఒకాయన వెళ్లాడా?”

“టై గట్టుకున్నాయనేనా? పోయిండు. పెండ్లి పిలగాని లెక్క తయారై రాళ్లల్ల సైకిలేందని నవ్విన.”

“పేలుడు అయిపోయిందా?”

“ఇంకా కాలే. మొదటి ఈల ఇనంగనే మందను మళ్లేసిన. రెండో ఈలకు మందు ముట్టిస్తరు. నువ్వు పోకు బిడ్డా, నా మాటిను.”

ఆమె అప్పటికే కదిలిపోయింది.

ఎత్తు ఎక్కుతుంటే ఊపిరి అందలేదు. దిగి సైకిలు తోసుకుంటూ పరుగెత్తింది. ‘ఆ చీర చంద్రమ్మకి ఇచ్చేసి ఉంటే పోయేది. నా చేతులతో నేనే చింపి ఇచ్చాను’ అని ఏడ్చింది. సుత్తుల చప్పుడు వినపడటం లేదు. కొండ మొత్తం నోరు మూసుకున్నట్టుంది.

ఎత్తు మీదికి వచ్చి చూసింది.

కింద క్వారీ తవ్విన పల్లం. పల్లానికి అవతల పెద్ద బండ. బండ మీద తెల్ల చొక్కా మనిషి. పక్కనే తలకిందులుగా పెట్టిన సైకిలు, గాలి పోయిన చక్రం. ఆయనే! పల్లం దాటేసి అవతల పంక్చరై ఆగిపోయాడు. పక్కన చంద్రమ్మ మొగుడు రాములు కూడా ఉన్నాడు.

“ఏమండీ!”

పిలుపు ఏడుపులో కలిసిపోయింది. కళ్ల నిండా నీళ్లు. ఎండ, రాళ్లు, బాట అన్నీ అలుక్కుపోయాయి. ఆయన తనను చూశాడు. మెడలో టై ఊడదీసి పిచ్చివాడిలా ఊపుతున్నాడు. రాములు నోటికి చేతులు అడ్డం పెట్టి ఏదో కేక వేస్తున్నాడు. ఎదురుగాలికి ఒక్క ముక్కా అందలేదు.

ఇంక ఏం భయం? మనిషి దక్కాడు. ఇంటికెళ్లాక తిట్టవచ్చు. కడుపారా తిట్టవచ్చు.

“వస్తున్నానండీ!” అంటూ సైకిలెక్కి బ్రేకు వదిలేసింది.

బాట పల్లానికి జారింది. ఆయన చెప్పింది నిజమే, లారీ అన్నది లేదు. ఆకాశం, రాళ్లు, తను. మలుపులో తుమ్మకొమ్మ మీద ఎర్రగా ఏదో ఊగింది. కన్నీళ్లలోంచి ఆ ఎరుపు కనపడింది, వెనక్కి వెళ్లింది. ఆయన ఇప్పుడు రెండు చేతులూ ఊపుతున్నాడు. తనూ నవ్వుతూ ఒక చేయెత్తి ఊపింది.

ఆ గుడ్డకు అంచు లేదు.