ఇరవై ఒక్క దినాలు

"ఈ పొద్దు పోసిన స్లాబు మీద ఈ పొద్దే నడుస్తారా యాడన్నా?" అంటూ నర్సుకు అడ్డంగా నిలబడ్డాడు మౌలాలి.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆ ఉదయమే అతని భార్య దిల్షాద్‌బీ వెన్నులోకి సూది గుచ్చి సిమెంటు ఎక్కించారు. నీళ్ల బిందె ఎత్తబోయి వెన్నుపూస విరగ్గొట్టుకుని, నెలన్నరగా ఆమె పడ్డ నరకం పగవాళ్లకు కూడా వద్దు. కోత లేదు, కుట్లు లేవు, గంటలో పని అయిపోయింది. ఇప్పుడు లేపి నాలుగడుగులు వేయించాలని నర్సు భార్గవి వచ్చింది.

ఇది ఇళ్లు కట్టే సిమెంటు కాదనీ, పావుగంటలోనే గట్టిపడుతుందనీ, నడవకుండా పడుకుంటేనే ప్రమాదమనీ, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు ఎక్కుతుందనీ భార్గవి ఓపిగ్గా చెప్పింది. ఎవరికి చెప్పింది? జమ్మలమడుగులో నలభై ఏళ్లుగా బేల్దారి పని చేస్తున్న మనిషికి. సిమెంటు సంగతి మౌలాలికి ఇంకొకరు చెప్పడమా! మంచం ఖాళీ చేయించడానికి తొందరపెడుతున్నారనుకున్నాడు.

"ఏ సిమెంటైనా సిమెంటేమ్మా. ఇరవై ఒక్క దినాలు కదిలించగూడదు."

భార్గవి విసిగిపోయి మంచం వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పెద్దమ్మా. ఏం చేద్దాం?"

దిల్షాద్‌బీ మొగుడి ముఖంలోకి చూసింది. "ఆయప్ప ఎట్ల చెప్తే అట్లనే," అంది.

తన పనితనం మీద ఆమెకున్న నమ్మకానికి మౌలాలి ఛాతీ పొంగింది. మరునాడు కారు వెనక సీట్లో ఆమెను పడుకోబెట్టుకుని ఇల్లు చేరాడు.

పొద్దున పోతే చీకటి పడ్డాకే గడప తొక్కే మనిషి, తాపీ తీసి అటక మీద పడేశాడు. ఒప్పుకున్న పనులన్నీ వేరేవాళ్లకు అప్పగించాడు. అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. వంకర పాపిడైనా సరే, తల దువ్వాడు. ఆమె కిందికి పాత్ర పెట్టి తీసేదీ తనే. ముద్దనూరులో తను కట్టిన మేడల ముచ్చట్లు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. గంటగంటకూ ఆమె చేత గ్లాసెడు నీళ్లు తాగించి, "నీళ్లు తక్కువైతే సిమెంటు బీట్లిస్తాది," అనేవాడు. నవ్వు ఆపుకోలేక ఆమెకు పొలమారేది. పెళ్లయిన ముప్పై అయిదేళ్లలో ఆ ఇంట్లో అన్ని నవ్వులు ఎన్నడూ లేవు.

పద్దెనిమిదో రోజు ఆమె ఎడమ పిక్క వాచింది. పడుకుని పడుకుని పట్టేసిందనుకుని, నూనె రాసి గట్టిగా పిసికాడు.

"ఇంగ ఎన్ని దినాలప్పా?" అని అడిగింది.

"మూడే."

"మూడేనా?" ఆమె ముఖం చిన్నబోయింది. పాపం, మంచంలో విసిగిపోయిందనుకున్నాడు మౌలాలి.

మరునాడు టీ తెచ్చేసరికి ఆమెకు ఊపిరి అందడం లేదు. ఆటో ఆసుపత్రి చేరకముందే అతని ఒళ్లోనే ప్రాణం పోయింది. కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు ఎక్కిందనీ, నడిపించి ఉంటే బతికేదేమోననీ డాక్టరు అన్నాడు.

మౌలాలి కుప్పకూలిపోయాడు. ఇంటికి తెచ్చాక గోడకు తల బాదుకుంటూ, నా మొండితనంతో నేనే చంపుకున్నానని ఒకటే ఏడుపు. నలుగురూ పట్టుకున్నా ఆగలేదు. చివరి స్నానం చేయించి బయటికొచ్చిన పక్కింటి జైబున్నీసా ఆ ఏడుపు చూడలేక అతని దగ్గర కూర్చుంది.

"నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది మౌలాలన్నా. ఇంటికొచ్చిన మూడోనాడు, నువ్వు పాలకు పోయినప్పుడు, దిల్షాదు లేసి వాకిలి దంకా నడిచింది. నొప్పి రవ్వంత గూడా లేదక్కా అనింది."

మౌలాలి తల ఎత్తాడు. "నడిచిందా? మరి ఏంటికి పండుకుంది?"

"నేనూ అదే అడిగినా. 'నేను లేస్తే రేపే పనికి పోతాడక్కా' అని, మళ్లా పోయి పండుకుంది."