డాక్టరుగారి ఎస్టిమేటు

“చెయ్యి పైకెత్తు,” అన్నాడు డాక్టర్ శ్రీరామ్మూర్తి.

పుష్పకుమారి ఎత్తబోయింది. భుజం దాకా కూడా రాలేదు.

“ఎన్నాళ్ళయింది?”

“ఎనిమిదేళ్ళు బాబూ. ఎడం పక్కకి తిరిగి పడుకోలేకపోతన్నాను. రాళ్ళు కట్టినట్టుంటాది.”

ఆయన నొక్కి చూశాడు. రొమ్ముల్లో పెట్టిన సిలికాన్ సంచులు గట్టిపడిపోయాయి. ఒకటి పక్కకి జరిగింది, రెండోది చిరిగినట్టుంది. శ్రీరామ్మూర్తి చూపు ఆమె ముఖం దాకా వెళ్ళలేదు.

పద్నాలుగేళ్ళ కిందట, 1973లో, ఆమె రికార్డింగ్ డాన్సులు చేసేది. పోస్టర్ల మీద పేరు మిస్ షీలా. ట్రూపు యజమాని గవర్రాజు మద్రాసు తీసుకెళ్ళి ఈ సంచులు పెట్టించాడు. జన్మకి ఢోకా లేదన్నాడు అక్కడి డాక్టరు. బిల్లు ఆమె చేతిలో పెట్టి, ఆ ఖర్చంతా ఆమె జీతంలోంచే కోసుకున్నాడు గవర్రాజు.

ఆరేళ్ళకి నొప్పి మొదలైంది. మళ్ళీ మద్రాసు వెళ్ళి ఆ డాక్టరు ముందు నిలబడింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

“ఎగిరి సంపాదించినప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా? పంపించెయ్యండి!”

వరండాలో కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు మల్కాపురంలో ఇంటి దాకా ఆమె వెంటే వచ్చింది. పెళ్ళయినా, పేరు మారినా పోలేదు.

మొన్న మొగుడు సుందర్ రాజ్ ఆమె వైద్యానికి పోర్టులో పి.ఎఫ్. లోను పెడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

“నీ రూపాయి ఒక్కటీ వొద్దు. సేసినోడి సేతే కట్టిత్తాను,” అంది.

శ్రీరామ్మూర్తి చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. “ఎవరమ్మా ఇది చేసింది?”

“మద్రాసులో పెద్ద డాట్రే బాబూ. ఆయన పేరు...”

“పేరు నాకెందుకు? రేపు ఏ మీటింగులోనో ఎదురుపడితే మొహమాటం. పని మాత్రం కసాయి పని. రెండూ తీసెయ్యాలి.”

“కర్సు ఆయనే కట్టాలంటన్నారు మా లాయరుగారు. తప్పు ఆయనదేనని తమరు రాసిస్తే సాలు.”

“కట్టగలడా?”

“బాగా గడించారు బాబూ. ఊరు మార్చేసినా ఎతికి పట్టుకున్నాను.”

శ్రీరామ్మూర్తి మొహం విప్పారింది. ఈ ఆపరేషన్‌కి ఆయన తీసుకునేది ఆరు వేలు. కానీ కట్టేది ఎవడో డబ్బున్నవాడు, చేసేది తన నర్సింగ్ హోములో. లెటర్‌హెడ్ తీసి ఇరవై వేలు వేశాడు. పైన ఇలా రాశాడు: ‘సంచులు అమర్చడంలోనే ఘోరమైన నిర్లక్ష్యం జరిగింది. ఇందులో రోగి తప్పు లేదు. తొలగించేందుకయ్యే ఖర్చంతా మొదట ఆపరేషన్ చేసిన వైద్యుడే భరించాలి.’ సంతకం చేసి, స్టాంపు వేశాడు.

“ఆపరేషన్ మాత్రం ఇక్కడే. తెలిసిందా?”

“ముందు డబ్బు రానీండి బాబూ,” అంది పుష్పకుమారి, కాగితం జాగ్రత్తగా మడిచి.

లాయరు దయానందం దాని నకలు జతచేసి, మద్రాసు బిల్లు మీదున్న డాక్టరుకి రిజిస్టర్డు పోస్టులో నోటీసు పంపాడు. మూడో రోజే ఆ డాక్టరు మనిషిని పంపాడు. అయిదు వేలిస్తాం, గొడవ వద్దన్నాడు వచ్చినవాడు. సాయంత్రానికి పది వేలన్నాడు.

“ఏటి సేద్దాం?” అన్నాడు సుందర్ రాజ్. పది వేలంటే అతనికి ఆశగానే ఉంది.

“ఒక్క రూపాయి తగ్గినా నానొప్పుకోను. కోర్టులో ఆ కాగితం పైకి సదివిత్తాను. ఈసారి ఎవులు నవ్వుతారో ఆయన్నే సూడమను,” అంది.

ఆపరేషన్ ఓ లేడీ డాక్టరు దగ్గర చేయించుకోవడానికి ఆమె అప్పటికే మాట్లాడుకుంది. శనివారం ఇరవై వేలకూ చెక్కు వచ్చింది.

సుందర్ రాజ్ కవరు చింపి, చెక్కు మీద సంతకం కూడబలుక్కుని పైకి చదివాడు: “డాక్టర్ శ్రీరామ్మూర్తి.”