ఎలుగుబంటి నాన్న

బొమ్మ మొదలై పావుగంటైనా పెద్దాయన నవ్వలేదు.

హాలంతా విరగబడి నవ్వుతోంది. తెర మీద ఏటికి ఈవల ఒక ఎలుగుబంటి కుటుంబం, ఆవల ఇంకొకటి. రెండిళ్ళ తండ్రులూ అన్నదమ్ములు. ఎవరి పిల్లలు బాగా పాడతారో తేల్చుకోవాలని పంతం. తల్లి ఎలుగుబంటి గరిటెతో తాళం వేస్తుంటే ఈవలి పిల్లలు గొంతు చించుకుంటున్నారు.

“మా ఇంటి పాట మిన్నంటాలి,
మీ ఇంటి పాట మన్నంటాలి!”

ఈవలి ఇంటి ఎలుగుబంటి తండ్రిని గీసి నడిపించిన యానిమేటర్ మాత్రం తెర వైపు చూడటం లేదు. పక్క సీట్లోని తన తండ్రినే చూస్తున్నాడు.

ఆ ఎలుగుబంటి తన తండ్రే మరి.

“భయపెట్టే నాన్న కావాలి. చూస్తే నవ్వు కూడా రావాలి,” అన్నాడు డైరెక్టర్. యానిమేటర్ ఎక్కడికో పోయి వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ పనిలో అందరూ చేసేట్టే బల్ల మీద అద్దం పెట్టుకుని, చిన్నప్పుడు చూసిన తండ్రి ముఖాన్ని తలుచుకుని, అదే ముఖం తను పెట్టి, అద్దంలో చూస్తూ గీశాడు. తల కాస్త వాల్చడం, ఒక కన్ను చికిలించడం, ముక్కుతో “ఊఁ?” అనడం. ఆయన కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. “ఊఁ?” అంటే చాలు, ఇంట్లో ఎవరూ కిక్కురుమనేవారు కాదు. బాబాయి కొడుక్కి ఒక మార్కు ఎక్కువొచ్చిన రోజున ఆ “ఊఁ?” విని నిలబడ్డచోటే నిక్కరు తడుపుకున్న సంగతి అతను పెళ్ళానికి కూడా చెప్పలేదు.

ఇది విడుదలకు ముందు, పనిచేసినవాళ్ళ కుటుంబాలకు వేసే ఆట. పెద్దాయన తనంతట తానే వస్తానన్నాడు. “బొమ్మలు గీసి బతుకుతాడట!” అని ఇన్నేళ్ళూ ఎద్దేవా చేసిన మనిషి, కొడుకు పని చూడటానికి రావడం ఇదే మొదలు. ఇప్పుడు గనక తన్ను తాను పోల్చుకున్నాడంటే లేచి వెళ్ళిపోతాడు. మళ్ళీ గడప తొక్కడు. ఈమధ్యే ఇద్దరి నడుమ మొదలైన ఆ నాలుగు మాటలూ ఆగిపోతాయి. తీసుకొచ్చి కొరివితో తల గోక్కున్నానని యానిమేటర్ తనను తానే తిట్టుకున్నాడు.

పెద్దాయనకు అటువైపు యానిమేటర్ కూతురు కూర్చుంది. “నేను తాత పక్కనే!” అని ముందే సీటు పట్టేసింది. ఒళ్ళోని పాప్‌కార్న్ పొట్లం జారి కిందపడింది. యానిమేటర్ అటు తిరిగి చూశాడంతే. పాప చప్పుడు చెయ్యకుండా అన్నీ ఏరి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఎంత బుద్ధిమంతురాలో! తను పడ్డ భయం ఈ పిల్ల పడకూడదని అది పుట్టిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు, నిలబెట్టుకున్నాడు కూడా. ఆ ఒక్క విషయంలో తన మీద తనకే గౌరవం.

ఇంతలో ఆ ఘట్టం రానే వచ్చింది. ఎలుగుబంట్లలో చిన్నది అపశ్రుతి పలికింది. వాద్యాలన్నీ టక్కున ఆగాయి. తండ్రి ఎలుగుబంటి తల వాల్చింది. ఒక కన్ను చికిలించింది.

“ఊఁ?”

తల్లి చేతిలో గరిటె జారింది. గోడ మీద బల్లి కూడా వచ్చి పిల్లల వరసలో నిలబడింది. హాలు ఘొల్లుమంది.

పెద్దాయన ముందుకు వంగాడు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. పాప ఆయన భుజంలో ముఖం దాచుకుంది. చీకటీ పెద్ద చప్పుడూ కదా, జడుసుకుని ఉంటుంది అనుకున్నాడు యానిమేటర్. అంతకంటే పట్టించుకునే స్థితిలో లేడు. అయిపోయింది, పోల్చేసుకున్నాడు.

“మంచినీళ్ళు కావాలా నాన్నా?”

“ఉండు.”

ఆ తర్వాత బొమ్మ ఎలా నడిచిందో అతనికి తెలియదు. దీపాలు వెలిగాయి. అందరూ లేస్తున్నారు. పెద్దాయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“ఒరేయ్, ఆ ఎలుగుబంటిని గీసింది నువ్వేనా?”

“నేనొక్కణ్ణే కాదు నాన్నా, చాలామందిమి కలిసి...” అని నసిగాడు.

“నువ్వా, కాదా?”

“నేనే.”

“మీ తాత నువ్వు పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదు. మా నాన్నను అచ్చు గుద్దినట్టు ఎలా దించావురా?”

లేవబోయిన యానిమేటర్ మళ్ళీ కూర్చున్నాడు.

“ఆ ‘ఊఁ’ వింటే నాకూ మీ బాబాయికీ పైప్రాణాలు పైనే పోయేవి. మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి పోటీ పెట్టేవాడు. నా పిల్లల దగ్గర మాత్రం అలా ఉండకూడదని ఒట్టేసుకున్నా.” ఆగి, కొడుకు ముఖంలోకి చూశాడు. “ఉండలేదు కదరా?”

“లేదు నాన్నా.”

అబద్ధమే గానీ నోరారా చెప్పాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఈయన తన భుజాలు వదిలేసి వాళ్ళ నాన్న భుజాలు తడిమాడు! గుండెల మీంచి బండ దించినట్టయింది. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, “బాగా గీశావురా,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి నోట ఆ మాట వినడం అదే మొదలు.

జనంతోపాటు బయటి దారి పట్టారు. ముందు తాతా మనవరాలూ, వెనక ఎలుగుబంట్ల పాట కూనిరాగం తీస్తూ యానిమేటర్.

“ఏమ్మా, అంత జడుసుకున్నావేం?” అన్నాడు పెద్దాయన. “వట్టి ఎలుగుబంటి బొమ్మే కదా!”

పాప ఒకసారి వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. తాత చెయ్యి లాగి కిందికి వంచి, చెవిలో చెబుతున్నాననుకుని పైకే అనేసింది.

“నాన్నకి చెప్పకేం తాతా, అది నాన్నే.”