సీదా ఫోటో

నల్లగుడ్డ కప్పుకుని చెక్కపెట్టె కెమెరాలో తల దూర్చిన హెన్రీని చూస్తే, జలుబు చేసి ఆవిరి పడుతున్నట్టుంది. నాచారంలో ఆ వీధిన పోయేవాళ్లు కాసేపు ఆగి మరీ చూస్తున్నారు. రూతుకు మాత్రం నవ్వు రాలేదు. ఈ ఫోటో తప్ప ఆమెకు వేరే దారి లేదు.

పక్క ప్లాటులో ఎవరో పెద్ద అపార్ట్‌మెంటుకు సెల్లార్ తవ్వుతున్నారు. గుంత లోతు పెరిగేకొద్దీ తాము ఉండే నాలుగంతస్తుల బిల్డింగ్ అటువైపు ఒరుగుతోందని రూతు భయం. ఆమె ఇల్లు మూడో అంతస్తులో. వంటింట్లో నిమ్మకాయ పెడితే గుంత వైపే దొర్లుతుంది. పడకగది తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. కూతురు ఎస్తేర్‌ను చెంగిచెర్లలో చెల్లెలింట్లో వదిలి, తనూ భర్తా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటున్నారు. ఉన్నదంతా ఊడ్చి కొన్న ఇల్లు మరి, వదిలేసి ఎక్కడికి పోతారు?

ఫోన్‌లో తీసిన ఫోటోలు పట్టుకుపోతే మున్సిపల్ ఆఫీసులో ఇంజినీరు నవ్వాడు.

"కింద నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే చార్మినార్ గూడ వాలుతదమ్మా," అన్నాడు. కొలిచే మిషన్ రావడానికి చాలా రోజులు పడుతుందనీ, ఈలోపు నమ్మదగిన ఫోటో ఒక్కటి తెచ్చి చూపిస్తే తవ్వకం ఆపిస్తాననీ చెప్పాడు.

అప్పుడు గుర్తొచ్చాడు హెన్రీ. రూతు వెళ్లే చర్చిలోనే పాటలు పాడతాడు. బిల్డర్ల బ్రోచర్లకు ఫోటోలు తీయడం ఆయన బతుకుతెరువు. మల్కాజిగిరి నుంచి నారపల్లి దాకా ఏ బ్రోచర్ తిరగేసినా ఆయన తీసిన బిల్డింగులే. హెన్రీ తీస్తే బిల్డింగ్ ఇంచు కూడా వంగదని పేరు.

"ఫోన్ అయితే మీదికి ఎత్తాలె చెల్లె. దీంట్ల కెమెరా సీదనే ఉంటది, ముంగటి అద్దాన్ని మీదికి జరుపుతం. గంతే ఫరక్," అన్నాడాయన.

మట్టం చూపే గొట్టంలో నీటిబుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా స్టాండు కాళ్లు సర్దాడు. తర్వాత రూతును గుడ్డ కిందికి పిలిచి చూపించాడు. కెమెరా వెనకున్న గాజు పలక మీద ఆమె ఇల్లు తలకిందులుగా కనిపించింది.

"గిట్ల జూస్తే ఇంకింత భయమైతున్నదన్నా."

"ఫికర్ జేయకు. నేను తీసిన ఫోటోని ఎవ్వరూ కాదనరు."

ఆమె పక్కకు జరిగాక ఆయన మళ్లీ గుడ్డ కిందికి దూరాడు. ఏళ్ల తరబడి అలవాటైన చేత్తో, గాజు పలక మీది నిలువు గీతా బిల్డింగ్ అంచూ ఒక్కటయ్యేదాకా కెమెరాను వెంట్రుకవాసి అటూ ఇటూ వంచుతూ సర్దాడు. అంత ఓపికగా పనిచేసే మనిషిని చూసి రూతుకు కొంచెం ధైర్యం వచ్చింది.

అంతలో నాలుగో అంతస్తు నుంచి గంప దిగింది. పైనుండే సక్కుబాయికి మోకాళ్ల నొప్పులు. కూరగాయల బండి వస్తే మెట్లు దిగదు, గంపకు తాడు కట్టి వదులుతుంది. బండివాడు ఉల్లిగడ్డలు నింపి పంపాడు. ఆమె సగం దాకా లాగి, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి, తాడును బాల్కనీ కడ్డీకి చుట్టి లోపలికి పరుగెత్తింది. పాలంటే నొప్పులు కూడా మరిచిపోతుంది. గంప మధ్యలో ఆగింది.

గంప తీయమని రూతు కేకేయబోతే హెన్రీ వద్దన్నాడు. "ఎండ పోతున్నది. ఆకు గూడ కదుల్తలేదు, గంపేం కదుల్తది? ఉండనీ."

నిజమే. ఉల్లిగడ్డల బరువుకు తాడు బిగుసుకుని కదలకుండా నిలిచింది. హెన్రీ ఫోటో తీశాడు.

ఇంజినీరు ఆ పెద్ద ఫోటోను బల్ల మీద పరిచి, బిల్డింగ్ అంచుకు స్కేలు ఆనించాడు. తీసింది హెన్రీ అని తెలిసి మెచ్చుకోలుగా తలూపాడు.

"మీ బిల్డింగ్ సీదా ఉన్నదమ్మా. గీత గీసినట్టున్నది. ఇగ మిషన్ ఎందుకు?"

నిమ్మకాయ సంగతి అడిగింది రూతు. బండలు సరిగ్గా పరవలేదన్నాడు. తలుపు సంగతి అడిగింది. స్క్రూలు వదులయ్యాయన్నాడు. మూడో ప్రశ్న ఆమె దగ్గర లేదు. తవ్వకం ఇక ఆగదు. ఆ మోతా ఆ దుమ్మూ భరించాల్సిందే. ఏడుపొచ్చింది. కానీ ఇల్లు నిలబడి ఉంది కదా అనుకుంటే కొంచెం ఊపిరి కూడా ఆడింది.

"నీ నిమ్మకాయ మమ్మల్నందర్నీ ఆగం జేసింది గదనే," అని సక్కుబాయి దెప్పింది. కింది అంతస్తులో ఇల్లు ఖాళీ చేద్దామనుకున్నవాళ్లు సామాన్లు మళ్లీ సర్దుకున్నారు. రూతు చెంగిచెర్ల పోయి ఎస్తేర్‌ను తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున మొదలైన వాన సాయంత్రమైనా తెరిపి ఇవ్వలేదు. గుంతలోకి వీధి నీళ్లన్నీ చేరుతున్నాయి. వాన చప్పుడుకు ఎస్తేర్ అన్నం కూడా తినకుండానే నిద్రపోయింది. తలుపు మళ్లీ తెరుచుకుంటే రూతు దానికి పీట అడ్డం పెట్టింది. భయమేసినప్పుడు చూసుకోవచ్చని ముందురోజే ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి పిల్ల మంచం పైన తగిలించుకుంది. ఇప్పుడు దాని ముందు నిలబడి నెమ్మదిగా చూసుకుంది. పిల్లర్లు సీదాగా ఉన్నాయి. గోడలు సీదాగా ఉన్నాయి. ముందు సక్కుబాయి గంప.

ఉల్లిగడ్డల బరువుకు బిగిసిన తాడు మాత్రం గుంత వైపు ఏటవాలుగా వేలాడుతోంది.