మెడలో కార్డున్న శ్రోతలు

“యాభై మంది మేడమ్. ఒక్కరు తక్కువైనా వచ్చే నెల నుంచి హాలు డ్యాన్స్ క్లబ్బోళ్లకు ఇచ్చేస్త,” అన్నాడు రవీందర్. గచ్చిబౌలిలోని ఆ యూనివర్సిటీలో ఆడిటోరియం పెత్తనమంతా ఆయనదే.

“వస్తారండి,” అంది జయంతి. ఆమె చెప్పేది గణితం, ప్రాణం పెట్టేది కర్ణాటక సంగీతం మీద. నెలకొక్క కచేరీ అయినా క్యాంపస్‌లో జరగాలని ఆమె పట్టు.

“ఏడికెల్లి వస్తరు? పోయినసారి పద్నాలుగు మంది. అండ్ల నలుగురు ఏసీ కోసం వచ్చిండ్రు. మెడల యూనివర్సిటీ కార్డున్నోళ్లనే లెక్క పెడ్త. బయటోళ్లను తోలుకొస్తే నడ్వదు.”

“కార్డున్నవాళ్లే వస్తారు.”

“జర నా మాటినుండ్రి. వచ్చినోళ్లకు రెండు మార్కులని చెప్పుండ్రి, ఉరికొస్తరు.”

“మార్కుల కోసం వచ్చేవాళ్లు ఫోన్లు చూసుకుంటారండి. నాకు వినేవాళ్లు కావాలి.”

వారం రోజులుగా ఆమె ఎక్కని మెట్టు లేదు, తట్టని తలుపు లేదు. ల్యాబుల్లో తల ఊపారు, లైబ్రరీలో తల దించుకున్నారు. నితీష్ అనే ఆమె శిష్యుడైతే, “వీడియో పెట్టేయండి మేడమ్, స్పీడ్ పెంచి చూసేస్తా,” అన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. అయినా మార్కుల మాట మాత్రం ఎత్తలేదు.

సాయంత్రం ఆరయింది. వచ్చింది పదకొండు మంది.

“మొదలుపెట్టమంటారా, కాసేపు ఆగుదామా?” అని అడిగింది గాయని కృష్ణప్రియ.

“ఒక్కరే ఉన్నా పాడాలమ్మా. పాడండి.”

తంబురా వేసేవాళ్లు ఎవరూ దొరక్క జయంతే గాయని వెనక కూర్చుంది. వేదిక మీద లైట్లు కళ్లల్లో పడుతున్నాయి. ఎదురుగా హాలంతా చీకటి. వర్ణం అయ్యేసరికి తలుపు కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. కుర్చీలు ఒకటొకటే వాలుతున్న చప్పుడు. ఆలాపన ముగియగానే చీకట్లోంచి ఎవరో గట్టిగా “వారెవ్వా!” అన్నారు. జయంతి కళ్లు చికిలించి చీకట్లోకి చూసింది.

ఏడింటికి రవీందర్ ఫోన్ లైటు వేసుకుని వరుసవరుసా లెక్క పెట్టాడు. రెండు పాటల మధ్య వేదిక పక్కకు వచ్చి వంగి, “డెబ్బై మూడు,” అన్నాడు.

“కార్డులు చూశారా?”

“ఒక్కొక్కటి పట్టి చూసిన. అన్నీ మనయే.” ఇంకేదో అనబోయి మింగేశాడు. “రూలు నేనే పెడ్తి, ఇగ నేనేమంట మేడమ్! వచ్చే నెల హాలు మీదే.”

జయంతికి కళ్లు నిండాయి. తుడుచుకుందామంటే చేతిలో తంబురా ఉంది. అలాగే మీటుతూ కూర్చుంది. ఈ జన్మకు ఇది చాలనుకుంది.

ఏడూ నలభైకి, కచేరీ మంచి పాకంలో ఉండగా, తలుపు దభాలున తెరుచుకుంది. గుమ్మంలో నితీష్. అతని వెనక వరండా నిండా కుర్రాళ్లు. అందరి చేతుల్లో ఖాళీ ప్లేట్లు.

“మేడమ్! మెస్‌కు తాళం వేసుంది. అక్కడ ఒక్కరూ లేరు!”

పాట ఆగింది. రవీందర్ హాల్లో లైట్లన్నీ వేశాడు. జయంతి తన శ్రోతలను అప్పుడు చూసింది. వరుసల నిండా నెత్తిన వంట టోపీలు, నడుముకు ఏప్రన్లు, మెడలో కార్డులు. ముందు వరుసలో ఉన్న హెడ్ కుక్ అంజమ్మ తొడ మీద తాళం వేస్తున్న చెయ్యి ఆపి, చిరాగ్గా వెనక్కి తిరిగింది.

“మంగళం పాడకముందే ఎవరన్న లేస్తరా? ప్లేట్లు ఆడ పెట్టి కూసోండ్రి బిడ్డా, అన్నం యాడికి పోదు!”