తట్టకుండా కోసిన చెట్టు

తొర్ర ఉన్న చెట్టును కోసే ముందు గొడ్డలి వెనకవైపుతో మూడుసార్లు తట్టాలి. లోపల పిట్ట ఉంటే తల బయటపెడుతుంది. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టు జోలికి పోకూడదు. కలప కోసేవాళ్లలో అదొక కట్టుబాటు. పాతికేళ్లుగా దాన్ని తప్పని రంపం మేస్త్రీ, నిన్న చినుకులు మొదలయ్యాయని తట్టకుండానే కోసేశాడు. చెట్టు పడ్డాక చూస్తే తొర్రలో మూడు గుడ్లగూబ పిల్లలు నలిగిపోయి ఉన్నాయి. "తట్టాన్రా, ఏదీ పలకలేదు" అని బావమరిదితో అబద్ధమాడాడు.

ఈ రాత్రి ఇద్దరూ దుంగలకు కాపలా ఉన్నారు. కోసిన మొద్దు మీద తల్లి గుడ్లగూబ వచ్చి వాలింది. గుప్పెట్లో పట్టేంత పిట్ట. అరవలేదు, కదల్లేదు.

"నన్నే చూస్తోందిరా."

"నీ మొహం! అది అటు తిరిగి కూర్చుంది బావా. ఈ చిట్టి జాతికి మెడ వెనక కళ్లలాంటి మచ్చలుంటాయి, గద్దల్ని బెదరగొట్టడానికి. నువ్వేమన్నా గద్దవా?"

మేస్త్రీకి నవ్వు రాలేదు. లాంతరు వెలుగులో ఆ మచ్చలు అతన్ని వదలడం లేదు.

"నిన్న నేను తట్టలేదురా."

బావమరిది సిగరెట్టు నేలకేసి నలిపాడు.

"నాకెందుకు చెప్తావు? దానికే చెప్పుకో."

మేస్త్రీ మొద్దు దగ్గరికి వెళ్లి, తల దించుకుని, అదే మాట మళ్లీ చెప్పాడు.

తలెత్తి చూసేసరికి, మెడ మీది మచ్చలు రెండూ మెల్లగా మూసుకుని తెరుచుకున్నాయి. ఆ తర్వాతే పిట్ట తల ఇటు తిరగడం మొదలుపెట్టింది.